మా హెచ్ఆర్ వాళ్ల విలువ మీ ఓటీ (ఓవర్‌టైం) రిజిస్టర్‌లో ఉంది: వైజాగ్ కంపెనీల పెద్దలకి బహిరంగ లేఖ

గాజువాక ఆటోనగర్ నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా, ఇటు మధురవాడ, రుషికొండ దాకా కంపెనీలు నడుపుతున్న ఎండీ గార్లకి, ఫైనాన్స్ హెడ్ గార్లకి, ప్లాంట్ హెడ్ గార్లకి నమస్కారం.

ఇది ఏ ఒక్క కంపెనీని పట్టుకుని రాస్తున్నది కాదు, కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. ఈ ఊళ్లో ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో చాన్నాళ్లుగా ఉన్నా, మధ్యలో కొన్నాళ్లు ఐటీ సైడ్ కూడా చేశా, రెండుచోట్లా ఒకటే మాట వినపడింది గనక రాస్తున్నా. మార్చి దగ్గర పడిందంటే బడ్జెట్ మీటింగ్‌లో ఎవరో ఒకరు కుర్చీలో వెనక్కి వాలి అడుగుతారు, "సేల్స్ వాళ్లు ఆర్డర్ తెచ్చారు, ప్రొడక్షన్ వాళ్లు సరుకు తీశారు, మరి హెచ్ఆర్ వాళ్లు ఏం చేశారండీ జీతాలు వేయడం తప్ప" అని. అందరూ నవ్వుతారు, మేమూ నవ్వుతాం, ఆ తర్వాత మా బడ్జెట్‌లో ట్రైనింగ్ లైన్ కొట్టేస్తారు.

అడగడం తప్పని నేను అనను. డబ్బు మీది, అడగాల్సిందే. నా గొడవల్లా ఏంటంటే, జవాబు ఉన్న పుస్తకాలు మాకు చూపించకుండా జవాబు చెప్పమంటారు. హెచ్ఆర్ పని బాగా జరిగితే ఆ లాభం హెచ్ఆర్ ఖాతాలో పడదు. ప్రొడక్షన్ వాళ్ల ఓటీ తగ్గుతుంది, క్వాలిటీ వాళ్ల రిజెక్షన్ (బాగోలేదని పక్కన పడేసే సరుకు) తగ్గుతుంది, అడ్మిన్ వాళ్ల కాంట్రాక్టర్ బిల్లు తగ్గుతుంది, ఫైనాన్స్ వాళ్లు "ఇతర ఖర్చులు" అని రాసుకునే పెనాల్టీలు తగ్గుతాయి. క్రెడిట్ వాళ్లకి పోతే పోనీండి, దాంతో మాకు పేచీ లేదు. కానీ పని చెడినప్పుడు మాత్రం "మనుషుల్ని తేలేకపోయారు" అని నేరుగా మా పేరే వస్తుంది, అప్పుడు మాత్రం ఖాతా ఎవరిదో అందరికీ భలే గుర్తుంటుంది.

సరే ఓ లెక్క వేద్దాం. ఇది ఏ కంపెనీ లెక్కా కాదు, ఊరికే అనుకుంటున్నవి, మీ అంకెలు మీరు పెట్టుకోండి. నెలకి 16,000 జీతం ఉన్న మెషిన్ ఆపరేటర్ ఒకతను మానేశాడు. కంపెనీ వాటా పీఎఫ్ 15,000 మీద 12 శాతం అంటే 1,800, ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్, అడ్మిన్ ఛార్జీలు కలిపి ఇంకో 150, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 520, వెరసి ఆ మనిషి మీద నెలకి 18,500 దాకా పడుతుంది, బోనస్సు, గ్రాట్యుటీ ఇందులో కలపలేదు. కొత్తగా వచ్చినవాడికి చెయ్యి తిరగడానికి ఆరు వారాలు పట్టిందనుకుందాం, ఆ ఆరు వారాలూ సగం పనే అయిందనుకుందాం, అక్కడే 14,000 పోయాయి. మెడికల్ టెస్టు, సేఫ్టీ షూస్, రెండు జతల యూనిఫాం కలిపి 2,500. మనిషిని తెచ్చినందుకు కమీషనో రిఫరల్ బోనసో 2,000. సీటు ఖాళీగా ఉన్న పది రోజులూ పక్కవాళ్లతో ఓటీ చేయించారు, ఓటీ అంటే చట్టప్రకారం డబుల్ రేటు. ఖాళీ సీటు జీతం మిగిలింది కదా అని ఇక్కడ అకౌంట్స్ ఆయన చెయ్యెత్తుతాడు, కరెక్టే, అది తీసేసినా రోజుకి 615 (16,000ని 26 పనిరోజులకి పంచితే) చొప్పున ఆరు వేల పైమాటే. అన్నీ కూడితే పాతికవేలకి కాస్త తక్కువ. నెలకి అలా పదిమంది పోతే ఏడాదికి దగ్గర దగ్గర 30 లక్షలు. ఇందులో కొత్తవాడు పాడుచేసిన సరుకు లేదు, వాడి పక్కన నించుని నేర్పించిన సూపర్‌వైజర్ టైం లేదు.

ఈ 30 లక్షలు మీ లాభనష్టాల పట్టీలో ఏ లైన్లో ఉందో చూపించండి చూద్దాం. ఉండదు. ముక్కలు ముక్కలుగా అయిదారు హెడ్స్ కింద చెదిరిపోయి ఉంటుంది. అదే మేము మానేసేవాళ్లని ఎందుకు పోతున్నారో అడిగే ఓ ఎగ్జిట్ ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ కావాలనో, ఇంకో వెల్ఫేర్ ఆఫీసర్ కావాలనో అడిగితే అది మాత్రం ఒకే లైన్లో, ఒకే అంకెగా, పెద్దగా కనపడుతుంది. అసలు తంటా అంతా ఇక్కడే ఉంది. మేము పెట్టే ఖర్చుకి పేరుంటుంది, మేము ఆపిన నష్టానికి ఉండదు.

ఓ ప్లాంట్‌లో జరిగింది చెప్తా, పేరు అడక్కండి. అచ్యుతాపురం వైపు, ప్యాకింగ్ లైన్లో ఎక్కువ ఆడపిల్లలే, రాంబిల్లి, మునగపాక, కశింకోట వైపు ఊళ్ల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. రాత్రి పొద్దుపోయాక వదిలే బీ షిఫ్ట్‌లో మనుషులు నిలవట్లేదు. చేరిన రెండు మూడు నెలల్లో మానేస్తున్నారు. ఎగ్జిట్ ఫారం తీస్తే అన్నిట్లో ఒకటే, పర్సనల్ రీజన్స్, లేకపోతే పెళ్లి కుదిరింది. ప్లాంట్ హెడ్ గారికి దాంతో తేలిపోయింది, "ఈ పిల్లలు ఇంతేనండీ, పెళ్లయ్యేదాకా టైంపాస్‌కి వస్తారు" అని. మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఉండేది, ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) ఎంహెచ్ఆర్ఎం, అంటే హెచ్ఆర్‌లో పీజీ చేసి వచ్చింది, ఆ అమ్మాయి ఓ వారం పాటు బీ షిఫ్ట్ వదిలాక అదే బస్సెక్కి వాళ్లతో వెళ్లొచ్చింది. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే వెళ్లింది.

బస్సు హైవే జంక్షన్‌లో దింపేస్తోంది, రాత్రి పదిన్నర దాటాక. అక్కణ్నుంచి ఊళ్లోకి నడక, రెండు పక్కలా సరుగుడు తోటలు, ఒక్క లైటు లేదు, మధ్యలో కల్వర్టు దగ్గర మందు కొట్టే బ్యాచ్ కూర్చుని ఉంటుంది. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని గుంపుగా పరిగెత్తుకుంటూ పోతున్నారు. ఒకరోజు ఆ గుంపులో నలుగురు సెలవు పెడితే మిగిలిన ఇద్దరూ ఆ రాత్రి ఎలా పోవాలి? వాళ్ల అమ్మలు "ఆ ఉజ్జోగం నేకపోతే ఏటి, మానేసి ఇంటికాడుండు" అన్నారు. ఇది ఎగ్జిట్ ఫారంలో ఎవరు రాస్తారండీ, అసలు ఆ ఫారంలో ఆ గడే లేదు.

జంక్షన్ నుంచి ఊళ్లోకి రామాలయం దాకా చిన్న వ్యాన్ పెట్టమని అడిగాం. "బస్సు ఇస్తున్నాం కదా, ఇంటి గుమ్మంలో దింపాలా ఏంటి" అన్నారు. చివరికి రెండు రూట్ల మీద మూడు నెలలు చూద్దాం అని ఒప్పుకున్నారు, నిజం చెప్పాలంటే ఆ "రెండు రూట్లు చాలు" అన్న పిసినారితనమే మాకు కలిసొచ్చింది. ఎందుకంటే వ్యాన్ పెట్టిన రూట్ల పిల్లల్నీ, పెట్టని రూట్ల పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికింది. అదే లైను, అదే సూపర్‌వైజరు, అదే జీతం. వ్యాన్ ఉన్న రూట్లలో మానేసేవాళ్లు సగానికి పైగా తగ్గారు, లేని రూట్లలో ఎప్పటిలాగే పోతున్నారు. హెచ్ఆర్ విలువ చూపించడం అంటే నాకు తెలిసి ఇదే. కానీ ఆ క్వార్టర్ రివ్యూలో ఏం జరిగిందో తెలుసా, ట్రాన్స్‌పోర్ట్ హెడ్ కింద ఖర్చు పెరిగిందని ఫైనాన్స్ ఆయన వ్యాన్ బిల్లు చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు. ప్యాకింగ్‌లో ఓటీ తగ్గిందన్న సంగతి ఇంకో షీట్‌లో ఉంది, ఆ షీట్ ఆయనా తెరవలేదు, మాకు పర్మిషన్ లేదు.

మా వాళ్లని కూడా వెనకేసుకురాను లెండి. ఉత్త చప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో చాలా ఉంది. విమెన్స్ డేకి ఒకే రంగు చీరలు, పుట్టినరోజు కేకులు, ముగ్గుల పోటీ ఫోటోలు, ఏడాది చివర "ఇన్ని వేల గంటల ట్రైనింగ్ ఇచ్చాం" అని స్లైడ్. కేకు వద్దని కాదు, తినండి, కానీ దాన్ని పట్టుకొచ్చి ఎంగేజ్‌మెంట్ అని చూపిస్తే మీరు నవ్వడంలో తప్పేముంది. ట్రైనింగ్ గంటలు చూపించిన మనిషిని తర్వాత రిజెక్షన్ తగ్గిందా, ఆక్సిడెంట్లు తగ్గాయా అని అడగండి. మొహమాటం లేకుండా అడగండి. జవాబు లేకపోతే ఆ ట్రైనింగ్ లైన్ కొట్టేయండి, నేనే పెన్ను ఇస్తా.

ఇంకోటి, అంకెలతో మిమ్మల్ని బురిడీ కొట్టించడం కూడా సులువే, అది ఎలాగో కూడా చెప్పేస్తా. మన దగ్గర జనవరి అంటే సంక్రాంతి, భోగి నుంచి ముక్కనుమ దాకా శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు ఎవరూ లైన్లో ఉండరు, కొంతమంది అట్నుంచి అటే రారు. జనవరితో ఫిబ్రవరిని పోల్చి "ఆబ్సెంటీజం ఇంత తగ్గించాం" అని ఏ హెచ్ఆర్ వాడైనా గ్రాఫ్ వేస్తే నమ్మకండి, ఫిబ్రవరిలో అది దానంతటదే తగ్గుతుంది. జనవరిని పోయినేడు జనవరితో పోల్చమనండి. అలాగే దసరా తర్వాత పైడితల్లి అమ్మవారి సిరిమాను మంగళవారం, అనకాపల్లి వైపు కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర, ఊళ్లల్లో నాట్లు, కోతలు. ఈ తేదీలు ముందే తెలుసు కదా, మరి ఏటా ఆ వారం ప్రొడక్షన్ ప్లాన్ మామూలుగానే వేసి, మనుషులు రాకపోతే మమ్మల్ని ఎందుకు తిడతారు? ప్లాన్ వేసే రోజు మమ్మల్ని పిలిస్తే ఆ వారం మెషిన్ల మెయింటెనెన్స్ పెట్టుకోండి అని చెప్తాం. ఈ సలహాకి పైసా ఖర్చు లేదు.

మీలో చాలామంది నాన్నగార్లు షిప్‌యార్డ్‌లోనో, పోర్టులోనో, బీహెచ్‌పీవీలోనో, స్టీల్‌ప్లాంట్‌లోనో చేసినవాళ్లే అయ్యుంటారు. అప్పట్లో హెచ్ఆర్‌ని పర్సొనెల్ డిపార్ట్‌మెంట్ అనేవాళ్లు. క్వార్టర్స్, స్కూలు, క్యాంటీన్, ఆసుపత్రి, ఉక్కునగరం లాంటివైతే ఏకంగా ఊరే కట్టేశారు. చేరినవాడు అక్కడే రిటైర్ అయ్యేవాడు, అట్రిషన్ (మనుషులు మానేసి పోవడం) అన్న మాటే ఎవరికీ తెలీదు, కాబట్టి పర్సొనెల్ వాళ్ల విలువెంత అని అడిగే అవసరం రాలేదు. 1948 నాటి ఫ్యాక్టరీస్ యాక్ట్ కూడా అయిదొందలు, ఆ పైన వర్కర్లున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది, రెండొందల యాభై దాటితే క్యాంటీన్ అంది, కంపెనీలు పెట్టాయి. ఇప్పుడు క్వార్టర్స్ లేవు, పర్మనెంట్ అన్నది తగ్గిపోయింది, సగం మంది కాంట్రాక్టర్ కింద, కుర్రాడు పక్క గేటులో వెయ్యి ఎక్కువిస్తే రేపు అక్కడుంటాడు. మనుషుల్ని కట్టిపడేసేవి అన్నీ తీసేసి, పర్సొనెల్ అన్న బోర్డు తీసి హెచ్ఆర్ అని పెట్టి, మనుషులు ఎందుకు పోతున్నారు అని మమ్మల్ని అడుగుతున్నారు.

ఇప్పుడు చట్టాల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇక్కడ డబ్బు నేరుగా కనపడుతుంది. పీఎఫ్ తర్వాతి నెల 15వ తారీకు లోపు కట్టాలి, దాటితే వడ్డీ, డామేజీలు. ఆ తారీకు ఎప్పుడూ దాటని కంపెనీలో ఆ పని ఎవరు చేస్తున్నారో కూడా ఎండీకి తెలీదు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో ఒక ముక్క చాలామంది ఇంకా సీరియస్‌గా తీసుకోలేదు, మనిషి రిజైన్ చేసినా, మీరు తీసేసినా రెండు పనిదినాల్లో అతని జీతం లెక్క తేల్చి ఇచ్చేయాలి. మన ఊళ్లో ఫుల్ అండ్ ఫైనల్ అంటే నలభై అయిదు రోజులు, ఆపైన "అకౌంట్స్‌లో ఉంది", "సార్ సంతకం కావాలి", ఆ పిల్లాడు గేటు దగ్గరికి వచ్చి సెక్యూరిటీతో బతిమాలుకోవడం. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలమని ముందే రాసుకుని తీసుకున్నవాళ్లకి ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది, అయిదేళ్ల లెక్క వాళ్లకి లేదు. అలవెన్సులు అన్నీ కలిపి మొత్తం ఇచ్చేదాంట్లో సగం దాటితే దాటినంత మేర జీతం కిందే లెక్క, అంటే బేసిక్ తక్కువ చూపించి స్ట్రక్చర్ వేసుకున్న కంపెనీలకి గ్రాట్యుటీ భారం పెరుగుతుంది. ఈ లెక్క ముందే వేసి మీ టేబుల్ మీద పెట్టాల్సింది ఎవరు? మీ ఆడిటర్ వచ్చి చెప్పేటప్పటికి ఏడాది అయిపోతుంది.

ఫైనాన్స్ హెడ్ గార్లకి ఒక మాట. గ్రాట్యుటీ లయబిలిటీ లెక్కకట్టే యాక్చువరీ ఏటా మనల్ని అడిగే వాటిల్లో అట్రిషన్ రేటు ఒకటి ఉంటుంది, గుర్తుందా? ఆ గడిలో పోయినేడు వేసిందే ఈ ఏడూ వేసి పంపించేసే కంపెనీలు నాకు తెలుసు. బ్యాలెన్స్ షీట్‌లో పడే అంకె అది. దాని కోసమైనా మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టుకోవాలి కదా, మెయిల్‌లో "అర్జెంట్, ఫిల్ అండ్ సెండ్" అని పెడితే మా కుర్రాడు కూడా నోటికొచ్చింది వేస్తాడు.

రూపాయల్లో పెట్టలేనివి కొన్ని ఉన్నాయి, వాటిని రూపాయల్లో చెప్పమంటే నాకు రాదు. ఓ ఫోర్‌మన్ గుండెపోటుతో పోయాడు, నలభై కూడా లేవు. ఈడీఎల్ఐ అని పీఎఫ్‌తో పాటు ఓ ఇన్సూరెన్స్ ఉంటుంది, ఉద్యోగి దగ్గర పైసా పట్టరు, కంపెనీయే అర శాతం కడుతుంది, పనిలో ఉండగా మనిషి పోతే కుటుంబానికి 7 లక్షల దాకా వస్తుంది. ఇది ఉందని చాలామంది వర్కర్లకి తెలీదు, కొంతమంది మేనేజర్లకీ తెలీదు. ఈయన నామినేషన్ పెళ్లికి ముందు వేసింది, తల్లి పేరు మీద ఉంది. పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, మళ్లీ వేయాలి, వేయలేదు. దానికితోడు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో పొట్టక్షరం, పుట్టిన తేదీ ఒక్కోచోట ఒక్కోటి. అత్తా కోడళ్ల మధ్య మనస్పర్థలు, ఆవిడ చంటిపిల్లతో మా ఆఫీసు బెంచీ మీద కూర్చుని "బాబూ, ఇంకేం కాగితం తేవాలి" అని అడుగుతుంటే నాకు మొహం చెల్లేది కాదు. చివరికి వచ్చాయి లెండి, చాలా ఆలస్యంగా. ఆ తర్వాత మేము షిఫ్ట్ వారీగా క్యాంటీన్ దగ్గర టేబుల్ వేసుకుని అందరి ఆధార్, పీఎఫ్ పేర్లు కలుపుతూ ఈ-నామినేషన్ చేయించాం, పది నిమిషాలు లైన్లోంచి మనిషిని వదలమంటే సూపర్‌వైజర్లు విసుక్కున్నారు. ఆ ఏడాది రివ్యూలో ఈ పనికి ఒక్క లైన్ కూడా లేదు. పెట్టాల్సింది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇష్టం లేకపోయినా. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఓ ఫార్మా ప్లాంట్‌లో పేలుడు జరిగి 17 మంది పోయారు, మనందరికీ తెలిసిన విషయమే. ఆ కంపెనీ గురించి నేను మాట్లాడట్లేదు, ఏ ప్లాంట్ అయినా సరే అలాంటిది జరిగిన మొదటి పది నిమిషాల్లో అడిగే ప్రశ్న, లోపల ఎవరెవరు ఉన్నారు? పర్మనెంట్ వాళ్లు పంచింగ్‌లో దొరుకుతారు. కాంట్రాక్టర్ మనుషులు? ఒకడి పాస్ మీద ఇంకొకడు వచ్చిన రోజు? పొద్దున వచ్చిన పెయింటింగ్ వాళ్లు? ఇంటి ఫోన్ నంబర్ మారినవాడు? ఆ లిస్ట్ కరెక్ట్‌గా ఉందంటే దాని వెనక రోజూ గేటు దగ్గర టైం ఆఫీస్ కుర్రాళ్లు కాంట్రాక్టర్లతో పడుతున్న గొడవ ఉంది. "ఆ ఒక్కడిని వదిలేయ్ బాబూ, అర్జెంట్ పని" అని లోపల్నుంచి ఫోన్ చేసేది మీ మేనేజర్లే. ఈసారి అలాంటి ఫోన్ వస్తే ఆ కుర్రాడి పక్షాన నిలబడండి, మాకు అదే పెద్ద బడ్జెట్.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన ఊరు మారిపోతోంది. 2023లో ఇన్ఫోసిస్ ఆఫీస్ తెరిచారు, 2025లో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు, కాగ్నిజెంట్ వస్తానంది, అక్టోబర్‌లో గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ ప్రకటన చేసింది. ఊరికి సంతోషమే, నాకూ సంతోషమే. కానీ మధురవాడలో ఎనభై, నూరు మందితో నడుస్తున్న చిన్న ఐటీ కంపెనీల ఎండీ గార్లూ, ఇన్నాళ్లూ మీ దగ్గర పిల్లలు ఎందుకు నిలిచారో ఎప్పుడైనా ఆలోచించారా? అమ్మానాన్న ఇక్కడున్నారు, బెంగళూరు అద్దెలు కట్టలేరు, బీచ్ రోడ్డు ఉంది. అంతేగానీ మీ ఇంక్రిమెంట్లు చూసి కాదు. ఊరు వదలకుండానే పెద్ద పేరున్న కంపెనీలో సీటు దొరికే రోజు వస్తే ఆ కారణాలు మీకు ఇక పనికిరావు. ఫ్యాక్టరీ వాళ్లకీ అంతే, డేటా సెంటర్ కట్టడానికి ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, ఏసీ మెకానిక్‌లు కావాలి, వాళ్లు ఆకాశంలోంచి ఊడిపడరు, మీ మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్‌లోంచి వెళ్తారు. ఎవరు వెళ్లే ఛాన్స్ ఉంది, ఎవరు పోతే లైన్ ఆగుతుంది, ఎవరికి ఇప్పుడే చెప్పి ఉంచుకోవాలి, ఈ పేర్ల లిస్ట్ మీ హెచ్ఆర్ మేనేజర్ దగ్గర ఉందేమో ఈ వారం అడగండి. లేకపోతే తప్పు ఆయనది. ఉండి మీరు చూడకపోతే తప్పు మీది.

పెద్ద పెద్ద మాటలు నాకు పెద్దగా ఎక్కవు. మనుషుల్ని ఆస్తిగా లెక్కకట్టి చూపించడం మన దేశంలో కొత్తేం కాదు, బీహెచ్ఈఎల్ 1970ల్లోనే చేసింది, ఇన్ఫోసిస్ చాన్నాళ్లు యాన్యువల్ రిపోర్ట్‌లో వేసింది, ఉద్యోగులు ముందు ముందు సంపాదించబోయే జీతాలన్నీ ఈనాటి విలువకి తెచ్చి కూడితే వేల కోట్లు వస్తాయి. అంకె అదిరిపోతుంది, కానీ దాన్ని పట్టుకుని రేపు పొద్దున బీ షిఫ్ట్ బస్సు ఎక్కడ ఆపాలో తేల్చలేం. దానికన్నా సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) పెట్టిన బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్ట్ నాకు నయం అనిపిస్తుంది, టాప్ వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తప్పనిసరిగా ఇవ్వాలి, ఎంతమంది మానేశారు, ఎంతమందికి ట్రైనింగ్, ఎన్ని ఆక్సిడెంట్లు, ఎన్ని కంప్లైంట్లు పెండింగ్, అన్నీ అడుగుతుంది. లిస్ట్ కాని కంపెనీకి ఆ రూల్ లేదు, కానీ ఆ ప్రశ్నలు వేసుకోవద్దని ఎవరూ అనలేదు కదా.

మాకు కావాల్సింది పెద్దదేం కాదు. చేరిన మూడు నెలల్లోపు మానేసినవాళ్లు, లైన్ వారీగా, సూపర్‌వైజర్ వారీగా. ఖాళీ సీట్లు, వాటి వల్ల పడ్డ ఓటీ గంటలు, పక్కపక్కన. ఫుల్ అండ్ ఫైనల్ ఎన్ని రోజులకి ఇస్తున్నాం. ఈ మూడూ ఒక్క పేజీలో నెలనెలా మీ టేబుల్ మీద పెడతాం, మాకు ఓటీ షీట్, రిజెక్షన్ షీట్, కాంట్రాక్టర్ బిల్లులు చూసే పర్మిషన్ ఇవ్వండి చాలు. సూపర్‌వైజర్ వారీగా అన్నానని కొంతమందికి కోపం వస్తుంది, నాకు తెలుసు. కానీ ఒకే షెడ్‌లో ఒకాయన కింద ఏడాదికి ఒక్కడు మానేసి, పక్కాయన కింద నెలకి ముగ్గురు మానేస్తే అది జీతం సమస్య కాదు కదండీ, ఆ పక్కాయన నోరు సమస్య. ఆయన ప్రొడక్షన్ బాగా తీస్తాడని మీరు ఏమీ అనరు, ఆయన తీసే ప్రొడక్షన్‌లోంచి ఈ పాతిక వేలు ముగ్గురికీ తీసేసి ఓసారి చూడండి.

షిఫ్ట్ టైములు మార్చేముందు, బస్సు రూట్ మార్చేముందు, క్యాంటీన్ కాంట్రాక్టర్‌ని మార్చేముందు, ఇంక్రిమెంట్ ఆపేముందు మమ్మల్ని పిలవండి. ఇప్పుడు ఏమవుతోందంటే మీరంతా కూర్చుని డిసైడ్ చేసేసి, నోటీస్ బోర్డ్‌లో అంటించడానికి మాకు పంపిస్తారు, తెలుగులోకి మార్చి పెట్టండి అని. ఆ నోటీసు కింద జనం తిట్లు రాస్తే వాటిని తుడిచేదీ మేమే. ముందు పిలిస్తే మేము చెప్పేది మీకు నచ్చకపోవచ్చు, వినకపోవచ్చు, కనీసం ఆరు నెలల తర్వాత ఎవరు ఏం చెప్పారో మినిట్స్‌లో ఉంటుంది. అప్పుడు మా మాట తప్పయితే మా జీతాల్లో కోయండి, నేను సీరియస్‌గానే అంటున్నా, నా వేరియబుల్ పే (పనితీరుని బట్టి ఇచ్చే జీతం) మొత్తం మూడు నెలల్లోపు ఎగ్జిట్స్ మీద కట్టేయండి, బస్సు రూట్, సూపర్‌వైజర్ల ట్రైనింగ్ నా చేతిలో పెడితే.

ఇది చదివి మా హెచ్ఆర్ వాళ్లని పిలిచి క్లాస్ పీకొద్దు పాపం, వాళ్లెవరూ నాతో రాయించలేదు. సోమవారం ప్రొడక్షన్ మీటింగ్‌లో ఒక కుర్చీ ఎక్కువ వేయించండి, టీ నేను బయటే తాగి వస్తా.

ఇట్లు,
గాజువాక నుంచి ఓ హెచ్ఆర్ మేనేజర్

తా.క. ఫుల్ అండ్ ఫైనల్ పెండింగ్ లిస్ట్‌లో ఇవాళ ఎంతమంది ఉన్నారో సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఓసారి అడిగి చూడండి. అందులో ఎవరిదైనా రెండు నెలలు దాటితే, ముందు ఆ చెక్కు మీద సంతకం పెట్టండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.